జాతీయ భద్రత, సాంకేతిక విధానం: ఏ గుమ్మం నుంచి లోపలికి వెళ్లాలి?

మన దేశంలో జాతీయ భద్రతా సలహాదారు పదవిని 1998లో సృష్టించారు. బ్రజేశ్ మిశ్రా నుంచి జె.ఎన్. దీక్షిత్, ఎం.కె. నారాయణన్, శివశంకర్ మేనన్ మీదుగా 2014లో నియమితులైన అజిత్ డోభాల్ వరకు ఆ బాధ్యత చేపట్టిన ఐదుగురిలో ముగ్గురు విదేశాంగ సర్వీసుకు చెందినవారు, ఇద్దరు ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఎదిగిన ఐపీఎస్ అధికారులు. ఒక్క ఐఏఎస్ అధికారి గాని, సైనికాధికారి గాని, శాస్త్రవేత్త గాని ఆ కుర్చీలో కూర్చోలేదు. 1999లో ఏర్పడిన ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు పదవి సంగతి చూస్తే అబ్దుల్ కలాం, ఆర్. చిదంబరం, కె. విజయరాఘవన్, అజయ్ సూద్ నలుగురూ ప్రయోగశాలల్లో తలపండిన వారే. కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శి పదవికి వస్తే అక్కడ ఐఏఎస్ అధికారులదే రాజ్యం. కనుక సివిల్స్ కోచింగ్ కేంద్రాలకు పేరుపొందిన హైదరాబాదు అశోక్‌నగర్ వీధుల్లో తరచూ వినిపించే "ఐఏఎస్ అయితే అన్నీ వాటంతట అవే వస్తాయి" అనే మాట ఈ రంగం వరకు నిజం కాదు.

ఈ మూడు కుర్చీలకు మూడు వేర్వేరు గుమ్మాలు ఉన్నాయి, ఒక గుమ్మంలో అడుగుపెట్టినవారు మధ్యలో రెండోదానికి మారడం చాలా అరుదు. ఇందుకు కొంత మినహాయింపుగా చెప్పదగినది 2015లో జాతీయ భద్రతా మండలి సచివాలయంలో మొదలైన జాతీయ సైబర్ భద్రతా సమన్వయకర్త పదవి. దానిని మొదట చేపట్టిన గుల్షన్ రాయ్, సైబర్ దాడులను ఎదుర్కొనే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు నాయకత్వం వహించిన సాంకేతిక నిపుణులు. ఆయన తరువాత వచ్చిన రాజేశ్ పంత్, ఆ తరువాత వచ్చిన ఎం.యు. నాయర్ ఇద్దరూ సైన్యంలో సమాచార వ్యవస్థలు చూసే సిగ్నల్స్ విభాగంలో లెఫ్టినెంట్ జనరల్ స్థాయికి ఎదిగినవారు. ఒకే పనికి ఒకసారి ప్రభుత్వ సాంకేతిక నిపుణుణ్ణి, రెండుసార్లు సైనికులను ఎంచుకున్నారంటే ఈ రంగంలో ఏ దారి సరైనదో ప్రభుత్వానికి కూడా స్థిరమైన అభిప్రాయం లేదని అర్థం చేసుకోవచ్చు.

ఇంజనీరింగు పూర్తి చేసి, జాతీయ భద్రతకూ సాంకేతిక విధానానికీ మధ్య ఉన్న ఈ ఇరుకు సందులో జీవితం గడపాలని కోరుకునే తెలుగు యువతీయువకులను దృష్టిలో ఉంచుకుని ఈ పోలిక చేస్తున్నాను. చివరన దక్కే పదవిని చూసి దారి ఎంచుకోవద్దన్నది నా మొదటి సలహా, ఎందుకంటే పై పదవులు దేశం మొత్తానికి పది పదిహేను మాత్రమే, అవి ఎవరికి దక్కుతాయన్నది అప్పటి ప్రధానమంత్రి నమ్మకం మీద ఆధారపడి ఉంటుంది. తొలి పదిహేనేళ్లు ప్రతి ఉదయం కార్యాలయానికి వెళ్లి ఏ పని చేస్తామో, ఆ పని మనకు నచ్చుతుందో లేదో చూసి ఎంచుకోవడమే వివేకం.

జీతం ఈ ఎంపికలో పెద్దగా సాయపడదు. ఏడవ వేతన సంఘం లెక్క ప్రకారం ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఎస్ (విదేశాంగ సర్వీసు) అధికారి, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోలో తొలి మెట్టు శాస్త్రవేత్త అయిన సైంటిస్ట్-బి, సైన్యంలో లెఫ్టినెంట్, అందరూ పదో స్థాయిలో 56,100 రూపాయల మూలవేతనంతోనే మొదలవుతారు, సైనికాధికారికి అదనంగా నెలకు 15,500 రూపాయల సైనిక సేవా వేతనం ఉంటుంది. బంగ్లా, కారు, బంట్రోతు విషయంలో తేడాలున్న మాట నిజమే గాని, వాటిని చూసి ఈ రంగంలోకి వచ్చేవారికి ఈ వ్యాసంతో పని లేదు.

ఎవరి పని ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒక అసలు సంఘటనను తీసుకుని, దానిలో ఒక్కొక్కరి పాత్ర ఏమిటో చూడడం మేలు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఒక ఉత్తర్వు వెలువరించింది. సైబర్ దాడి జరిగిందని గమనించిన ఆరు గంటల్లోగా సంస్థలన్నీ తమకు తెలియజేయాలని, కంప్యూటర్ వ్యవస్థల్లో జరిగినదంతా నమోదయ్యే లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలని, ఇంటర్నెట్ వాడకాన్ని గోప్యంగా ఉంచే వీపీఎన్ సేవలు అందించేవారు వినియోగదారుల వివరాలను ఐదేళ్లు దాచిపెట్టాలని దాని సారాంశం. సమాచార సాంకేతిక చట్టం 70-బి సెక్షన్ కింద ఇచ్చిన ఉత్తర్వు కనుక పాటించకపోతే శిక్ష కూడా ఉంది. కొన్ని అంతర్జాతీయ వీపీఎన్ కంపెనీలు ఆ షరతుకు ఒప్పుకోలేక భారత్‌లోని తమ సర్వర్లను తీసివేశాయి, చిన్న పరిశ్రమలు గడువు చాలదన్నాయి, చివరకు వాటికి 2022 సెప్టెంబరు 25 వరకు గడువు పొడిగించారు.

ఈ ఒక్క ఉత్తర్వు వెనుక ఎన్ని రకాల ఉద్యోగాలు ఉన్నాయో గమనించండి. ఆరు గంటలు చాలునా, ఏ రకం దాడులను జాబితాలో చేర్చాలి, లాగ్‌లలో ఏమేమి ఉండాలి అన్నవి సెర్ట్-ఇన్‌లోని శాస్త్రవేత్తలు తేల్చవలసిన అంశాలు. ఇతర శాఖల అభ్యంతరాలను సర్దిచెప్పి, పరిశ్రమ ఒత్తిడి పెరిగినప్పుడు గడువు ఎంత పొడిగించాలో మంత్రికి సూచించే పని కేంద్ర ఐటీ శాఖలోని ఐఏఎస్ అధికారులది. వచ్చిన ఫిర్యాదుల్లో ఏది నేరమో గుర్తించి వెంటపడవలసినది రాష్ట్రాల పోలీసులు, ఇంటెలిజెన్స్ సిబ్బంది. గోప్యతకు భంగం కలుగుతుందని వ్యాసాలు రాసి, వినతిపత్రాలు ఇచ్చి, కోర్టు గుమ్మం ఎక్కడానికైనా సిద్ధపడేది పౌర సంస్థల పరిశోధకులు. తమ కంపెనీ తరఫున ఢిల్లీలో తలుపులు తట్టేది ప్రైవేటు సంస్థల విధాన విభాగం వారు. ఈ ఐదింటిలో ఏ పని గురించి చదువుతున్నప్పుడు మీకు ఉత్సాహం కలిగిందో నిజాయితీగా గుర్తుంచుకుంటే ఎంపికలో సగం పని పూర్తయినట్టే.

ఇక ఒక్కొక్క దారిని విడిగా చూద్దాం. సివిల్ సర్వీసుల పరీక్షకు ఏటా దాదాపు పది లక్షల మంది దరఖాస్తు చేస్తారు, ఖాళీలు మాత్రం అన్ని సర్వీసులూ కలిపి వెయ్యికి అటూ ఇటూ. 2025 నోటిఫికేషన్‌లో 979 పోస్టులే చూపారు. జనరల్ వర్గానికి 32 ఏళ్ల వరకు ఆరు ప్రయత్నాలు, ఓబీసీలకు 35 ఏళ్ల వరకు తొమ్మిది, ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్లు నిండేవరకు ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఇంతటి పోటీలో నెగ్గినా కోరిన సర్వీసు వస్తుందన్న హామీ లేదు, కనుక సర్వీసుల ప్రాధాన్య క్రమం నింపే ముందే ఆలోచన స్పష్టంగా ఉండాలి.

మన రంగానికి ఐఏఎస్ ఎంతవరకు పనికివస్తుందో చెప్పడానికి తెలుగు నేల మీదే మంచి ఉదాహరణలున్నాయి. ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌కు చెందిన ఆర్. చంద్రశేఖర్ రాష్ట్రంలో సమాచార సాంకేతిక శాఖను తొలినాళ్లలో నడిపి, ఆ తరువాత కేంద్రంలో ఐటీ, టెలికాం శాఖల కార్యదర్శిగా పనిచేసి, పదవీ విరమణానంతరం ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్‌కు అధ్యక్షులయ్యారు. అదే క్యాడర్‌కు చెందిన జె. సత్యనారాయణ రాష్ట్రంలో ఈ-పాలన ప్రయోగాలలో ఆరితేరి, కేంద్ర ఐటీ కార్యదర్శిగా, తరువాత ఆధార్‌ను నడిపే ప్రాధికార సంస్థకు అధ్యక్షులుగా ఉన్నారు. అయితే ఇటువంటి అదృష్టం అందరికీ దక్కదు. ఐఏఎస్ అధికారి ఈ రోజు డేటా భద్రత ఫైలు చూస్తూ, రేపు పశుసంవర్ధక శాఖకు బదిలీ కావచ్చు, అందుకు ఎవరినీ తప్పుపట్టలేము, ఆ సర్వీసును నిర్మించినదే అలా. ఒక విషయం మీద ఇరవై ఏళ్లు తదేకంగా నిలబడాలనుకునే స్వభావం గలవారికి ఈ జీవితం కష్టమనిపిస్తుంది. జిల్లాలో భూమి తగాదాలు, ఎన్నికలు, వరదలు చూసుకుంటూ పదేళ్లు గడిపిన తరువాతే ఢిల్లీ సాంకేతిక శాఖలో కుర్చీ దొరికే అవకాశం మొదలవుతుంది.

విదేశాంగ సర్వీసును మనవాళ్లు తరచూ తక్కువగా అంచనా వేస్తారు. "ఎక్కడో పరాయి దేశంలో ఉంటాడు, ఊరికి అక్కరకు రాడు" అన్న మాట పెద్దల నోట వింటుంటాం. కాని భద్రతా సాంకేతికతల గురించి నేడు జరుగుతున్న అసలు బేరసారాలన్నీ దేశాల మధ్యనే. 2023 జనవరిలో ఐసెట్ (కీలక, కొత్త సాంకేతికతల మీద భారత్-అమెరికా చొరవ) పేరుతో డోభాల్, అప్పటి అమెరికా భద్రతా సలహాదారు జేక్ సలివాన్ ప్రారంభించిన కార్యక్రమంలో సెమీకండక్టర్లు, జెట్ ఇంజన్లు, క్వాంటం, అంతరిక్షం అన్నీ ఒకే బల్ల మీదికి వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో దానినే ట్రస్ట్ అనే కొత్త పేరుతో ముందుకు తీసుకుపోయారు. విదేశాంగ శాఖ కూడా కొత్త, వ్యూహాత్మక సాంకేతికతల కోసం 2020లో ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచుకుంది. ఇంజనీరింగు చదివి, రాయడం మాట్లాడడం బాగా వచ్చి, జీవితంలో సగం పరదేశాల్లో గడపడానికి కుటుంబం ఒప్పుకునే వారికి, సివిల్ సర్వీసులన్నింటిలో ఈ రంగానికి అతి దగ్గరి దారి ఇదేనని నా అభిప్రాయం. ఐదుగురు భద్రతా సలహాదారుల్లో ముగ్గురు ఈ సర్వీసు నుంచే రావడం కాకతాళీయం కాదు.

ఐపీఎస్ శిక్షణ మన హైదరాబాదులోని సర్దార్ వల్లభభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలోనే జరుగుతుంది. సర్వీసు తొలి ఏళ్లలోనే ఇంటెలిజెన్స్ బ్యూరోకు వెళ్లి అక్కడే ఉండిపోయే అధికారులుంటారు. 1968 బ్యాచ్ కేరళ క్యాడర్‌కు చెందిన డోభాల్ జీవితం సాగినది ఆ దారిలోనే. ఇటీవల రాష్ట్రాల్లో కూడా సాంకేతిక నేరాల కోసం ప్రత్యేక వ్యవస్థలు వచ్చాయి, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అందుకు ఉదాహరణ. కాబట్టి నేరస్థుల వేటలో ఆసక్తి ఉన్న ఇంజనీరుకు ఐపీఎస్‌లో చేతినిండా పని దొరుకుతుంది, విధాన రూపకల్పన మాత్రం చాలా ఆలస్యంగా చేతికి వస్తుంది.

శాస్త్రవేత్తల దారి గురించి కొంచెం నిలిచి మాట్లాడాలి, ఎందుకంటే తెలుగువారికి ఇది పెరటి చెట్టు, అందుకే కాబోలు దాని విలువను సరిగా కట్టరు. డీఆర్‌డీఎల్, రీసెర్చ్ సెంటర్ ఇమారత్, అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ల్యాబొరేటరీ, డీఎంఆర్ఎల్, డీఎల్ఆర్ఎల్ వంటి రక్షణ ప్రయోగశాలలన్నీ హైదరాబాదులోనే ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో పుట్టి, అనంతపురం జేఎన్‌టీయూలో చదివి, 1986లో డీఆర్‌డీఎల్‌లో చేరిన జి. సతీశ్ రెడ్డి 2018లో డీఆర్‌డీవో అధిపతి అయ్యారు. అదే డీఆర్‌డీఎల్‌కు 1982లో డైరెక్టరుగా వచ్చిన కలాం ఆ తరువాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారై, అక్కడి నుంచి దేశానికి తొలి ప్రధాన శాస్త్ర సలహాదారు అయ్యారు. డీఆర్‌డీవోలో గేట్ (ఇంజనీర్లు రాసే జాతీయ స్థాయి పరీక్ష) స్కోరు ఆధారంగా ఇంటర్వ్యూకు పిలిచి సైంటిస్ట్-బిగా తీసుకుంటారు. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. పదోన్నతి ఖాళీ మీద గాక పనితీరు మదింపు మీద ఆధారపడడం ఈ వ్యవస్థలోని గొప్ప సౌలభ్యం, పైవాడు పదవీ విరమణ చేసేదాకా కిందివాడు ఎదురుచూడవలసిన పని లేదు.

అయితే ఒక తేడాను స్పష్టంగా తెలుసుకోవాలి. డీఆర్‌డీవో ఆయుధాలు, రాడార్లు, క్షిపణులు తయారుచేస్తుంది, విధానం తయారుచేయదు. అక్కడ ఇరవై ఏళ్లు క్షిపణి మార్గదర్శక వ్యవస్థ మీద పనిచేసిన వ్యక్తికి విధానం గురించి అభిప్రాయం అడిగేది బహుశా యాభయ్యో ఏట. దానికి భిన్నంగా ఐటీ శాఖ పరిధిలోని సెర్ట్-ఇన్, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వంటి చోట్ల చేరిన శాస్త్రవేత్త ముప్పయ్యో ఏటనే నియమాల ముసాయిదాలకు సాంకేతిక భాగం రాసే అవకాశం ఉంటుంది. వస్తువును నిర్మించడంలో ఆనందం ఉన్నవారు డీఆర్‌డీవోకు, నియమాన్ని నిర్మించడంలో ఆనందం ఉన్నవారు సెర్ట్-ఇన్ వంటి సంస్థలకు వెళ్లాలి. ఈ రెండింటినీ ఒకటే "సైంటిస్ట్ ఉద్యోగం"గా చూసి, ముందు ఏది వస్తే అందులో చేరిపోవడం చాలామంది చేసే పొరపాటు.

నేరుగా నిఘా సంస్థల్లోకి వెళ్లే దారి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఇంటెలిజెన్స్ బ్యూరోలో సాంకేతిక విభాగపు ఏసీఐవో (సహాయ కేంద్ర ఇంటెలిజెన్స్ అధికారి) పోస్టులను ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ గేట్ స్కోరుతో భర్తీ చేస్తారు. అవి ఏడో స్థాయిలో, 44,900 రూపాయల మూలవేతనంతో మొదలవుతాయి, అంటే పైన చెప్పిన సర్వీసుల కంటే మూడు మెట్లు కింద. పని ఆసక్తికరమే, కాని చేసిన పనిని ఎక్కడా చెప్పుకోలేరు. 2021లో సవరించిన పెన్షన్ నియమాల ప్రకారం నిఘా, భద్రతా సంస్థల్లో పనిచేసి విరమించినవారు తమ సంస్థకు సంబంధించిన విషయాల మీద అనుమతి లేకుండా రాయకూడదు. విరమణ తరువాత పుస్తకం రాసుకుందామని, టీవీ చర్చల్లో కూర్చుందామని కలలు కనేవారు ఈ నియమాన్ని ముందే చదువుకోవాలి.

సైన్యంలో సిగ్నల్స్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల) విభాగాలు ఇంజనీర్లకు తలుపులు తెరిచే ఉంచుతాయి. టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు ద్వారా శాశ్వత కమిషన్, షార్ట్ సర్వీస్ టెక్నికల్ ద్వారా పదేళ్ల కమిషన్ లభిస్తాయి, రెండింటికీ వయోపరిమితి 20 నుంచి 27 ఏళ్లు. సికింద్రాబాదులోని ఈఎంఈ సైనిక కళాశాల ఎంసీఈఎంఈలో సైనిక సాంకేతిక శిక్షణ ఎలా ఉంటుందో మన ఊరి పిల్లలకు కొంత పరిచయమే. శారీరక దారుఢ్యం, క్రమశిక్షణ, బదిలీలు తట్టుకోగలిగితే, మన వ్యవస్థలో సైబర్ భద్రతకు అసలైన నాయకత్వ అనుభవం ఇచ్చే చోట్లలో ఇది ఒకటి. పంత్, నాయర్ నియామకాలే అందుకు రుజువు. పదేళ్ల షార్ట్ సర్వీసు ముగించుకుని ముప్పయి అయిదేళ్లకు బయటికి వచ్చిన సిగ్నల్స్ మేజరుకు విధాన పరిశోధన సంస్థలలోను, ప్రైవేటు భద్రతా సంస్థలలోను ఆదరణ ఉంటుంది. ఈ దారిని మధ్యతరగతి తెలుగు ఇళ్లలో ఎవరూ సీరియస్‌గా చర్చించకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

ప్రభుత్వం వెలుపల నిలబడి విధానం గురించి మాట్లాడడం మరో దారి. ఢిల్లీలో మనోహర్ పారికర్ ఐడీఎస్ఏ (రక్షణ అధ్యయన సంస్థ), అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్, కార్నెగీ ఇండియా, బెంగళూరులో తక్షశిల, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వంటి సంస్థలున్నాయి. పార్లమెంటు సభ్యుల వెంట దాదాపు ఏడాదిపాటు పనిచేయించే ల్యాంప్ ఫెలోషిప్ కూడా మంచి ప్రవేశద్వారం. ఇక్కడ ఇరవై ఆరేళ్ల వయసులోనే మీ పేరుతో వ్యాసం అచ్చవుతుంది, ప్రభుత్వ ఉద్యోగికి లేని స్వేచ్ఛతో ప్రభుత్వాన్ని తప్పుపట్టవచ్చు. కాని ఆర్థిక పునాది బలహీనం. సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ వంటి పేరున్న సంస్థకు విదేశీ విరాళాల అనుమతిని 2023లో నిలిపివేసి, 2024 జనవరిలో రద్దు చేశారు. ఈ సంస్థల్లో అత్యున్నత కుర్చీలు కూడా చాలాసార్లు విరమించిన అధికారులకే దక్కుతుంటాయి. ఐడీఎస్ఏకు నాయకత్వం వహించి 2014లో ఉప జాతీయ భద్రతా సలహాదారుగా వెళ్లిన అరవింద్ గుప్తా కూడా విదేశాంగ సర్వీసు నుంచి వచ్చినవారే. బయటి నుంచి నేరుగా ఉన్నత పదవిలోకి దూకవచ్చన్న ఆశ పెట్టుకున్నవారికి, 2024 ఆగస్టులో 45 పోస్టుల లేటరల్ ఎంట్రీ ప్రకటన వెలువడి మూడు రోజుల్లోనే వెనక్కి పోయిన వైనం గుర్తు చేయాలి.

అమెరికాలో స్థిరపడే ఆలోచన ఉన్నవారికి ఒక్క మాట. అక్కడ విశ్వవిద్యాలయం, కంపెనీ, ప్రభుత్వం మధ్య రాకపోకలు ఇక్కడి కంటే సులువైనమాట నిజమే, కాని రహస్య సమాచారం చూసే అనుమతికి పౌరసత్వం తప్పనిసరి, హెచ్-1బీ మీద ఉన్నవారికి ఆ గది తలుపు తెరుచుకోదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న తరువాత ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డుతో భారత ప్రభుత్వంలో ఈ ఉద్యోగాలకు రావడమూ సాధ్యం కాదు. అటో ఇటో ముప్పయ్యేళ్లలోపే తేల్చుకోవలసిన విషయం ఇది.

ఇరవై రెండేళ్ల ఇంజనీరు నన్ను అడిగితే మొదట గేట్ రాయమంటాను. ఒకే స్కోరుతో డీఆర్‌డీవో, ఇంటెలిజెన్స్ బ్యూరో, ఉన్నత విద్య మూడూ అందుబాటులోకి వస్తాయి, ఉద్యోగం చేస్తూ విదేశాంగ సర్వీసును మొదటి ప్రాధాన్యంగా పెట్టుకుని రెండు మూడుసార్లు సివిల్స్ రాయవచ్చు. ఐదారేళ్లు గదిలో కూర్చుని ఒక్క సివిల్స్‌నే నమ్ముకోవడం, ఈ రంగం మీద ఆసక్తి ఉన్నవారికి అన్నింటికంటే ఖరీదైన పందెం. ఇరవై అయిదు దాటి, శరీరం సహకరించి, ప్రయోగశాలలో కూర్చోలేని స్వభావం ఉంటే టెక్నికల్ ఎంట్రీ గడువు ముగిసేలోగా సైన్యానికి దరఖాస్తు చేయమంటాను.

ఇరవై తొమ్మిదేళ్లు నిండి, మాదాపూరులోనో గచ్చిబౌలిలోనో క్లౌడ్ భద్రత పనిచేస్తూ, ఇప్పుడు ఈ రంగం వైపు తిరగాలనుకునే వారి పరిస్థితి వేరు. సర్వీసు పరీక్షల వయసు వారికి చేజారుతూ ఉంటుంది, కాని పరిశ్రమ అనుభవం చేతిలో ఉంటుంది. తక్షశిల వంటి సంస్థలు ఉద్యోగం మానకుండా చదువుకునే విధాన కోర్సులు నడుపుతున్నాయి. 2025 జనవరిలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నియమాల ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసినట్లు, ఐటీ, టెలికాం శాఖలు ముసాయిదాలు పెడుతూనే ఉంటాయి. వాటిలో ఒకదానిని సెక్షన్ల వారీగా చదివి, తాము రోజూ చూసే సర్వర్ల అనుభవంతో ఏది అమలు కాదో, ఎందుకు కాదో నాలుగు పేజీల్లో రాసి గడువులోగా పంపడం, ఆ తరువాత అదే పత్రాన్ని విధాన సంస్థల దరఖాస్తుకు జతచేయడం ఈ వర్గానికి అన్నింటికంటే చవకైన, ఈ వారంలోనే మొదలుపెట్టదగిన ప్రయత్నం.